చచ్చిన డబ్బా చంపింది

"సాయంత్రం అయిదింటికి వాడిని మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాం. ఆ తర్వాత మీరూ మీ పరిశోధనా, మీ ఇష్టం," అన్నాడు ఇన్‌స్పెక్టరు, టెస్ట్ గది గుమ్మంలో టోపీ తీసి చంకలో పెట్టుకుంటూ.

డిటెక్టివ్ నొచ్చుకోలేదు. నొచ్చుకుంటూ కూర్చుంటే ఆ ఉద్యోగం ఆడవాళ్లకు ఒక్క పూట కూడా సాగదు. స్టేషన్లో తనకి 'చాదస్తం' అని పేరున్నట్టు ఆమెకు తెలుసు. ముఖాన ఎవరూ అనరు. గుమ్మం దాటాక "చాదస్తం వెళ్లిందా?" అని ఒకరినొకరు అడుగుతారు. సరిగ్గా అప్పుడే ఆమె మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వస్తుంది. ఇన్‌స్పెక్టరుకు ఉన్న పేరు మాత్రం ఇన్‌స్పెక్టరుకు తెలియదు. ఆయన్ని 'తేల్చేశాం' అంటారు. ఎంత చిక్కు కేసయినా భోజనం వేళకి తేల్చేసి చెయ్యి కడుక్కోవడం ఆయన పద్ధతి.

ఈ కేసూ అలాగే తేల్చేశాడు. ఇది కెపాసిటర్లు తయారుచేసే ఫ్యాక్టరీ. సరుకు బయటికి పోయేముందు పరీక్షించే పెద్ద టెస్టరు మొన్న మధ్యాహ్నం ఈ గదిలోనే షాకు కొట్టి పోయాడు. ఇనుప కంచె లోపల అతను. కంచె బయట, స్విచ్చు బల్ల దగ్గర, అతని బావమరిది. లోపల మనిషి ఉండగా బయటివాడు కరెంటు వేశాడు. ఎందుకు వేశాడంటే, ముందురోజు బావ నలుగురిలో వాడి చెంప పగలగొట్టాడు. "నీ పొగరు ఆ కరెంటే దించుతుంది చూడు," అన్నాడు వాడు. విన్నవాళ్లకి కొదవ లేదు. ఇంకేం కావాలి?

కావలసింది లోకంలో ఒక్క మనిషికే. పోయినవాడి భార్య పొద్దున్నే వచ్చి డిటెక్టివ్ ఇంటి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "ఆయన ఎలాగూ రారు పిన్నిగారూ. వాడినైనా తెచ్చిపెట్టండి," అంది. అమ్మానాన్నా లేని తమ్ముణ్ణి తనే పెంచింది. తనే మొగుణ్ణి బతిమాలి ఈ ఫ్యాక్టరీలో పెట్టించింది. ఇప్పుడు అత్తగారు "నా కొడుకును మింగినవాడికి నువ్వు అన్నం మోస్తావా?" అని తలుపేసుకుంది. ఆమెకి ఏడవడానికి కూడా ఒక పక్షం మిగల్లేదు. మొగుడి కోసం ఏడిస్తే తమ్ముణ్ణి శపించినట్టు. తమ్ముడి కోసం ఏడిస్తే మొగుణ్ణి మరిచినట్టు.

"ఈ కంచె తలుపు తాళంచెవి ఎక్కడుంటుంది?" అని అడిగింది డిటెక్టివ్.

అడిగింది మేనేజర్ని. మనిషి కడిగిన ముత్యంలా ఉన్నాడు. నోరు విప్పే ముందు ప్రతిసారీ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అద్దాల మీద ఏమీ లేదు.

"ఒకటే తాళంచెవి మేడమ్. ఆ బల్లలో పెట్టి తిప్పితేనే కరెంటు వస్తుంది. కరెంటు ఆపితేగానీ బల్ల దాన్ని వదలదు. బల్లలోంచి తీసి తెచ్చి ఈ తలుపు తెరవాలి."

"అంటే తలుపు తెరిచి మనిషి లోపలుంటే, బల్లలో తాళంచెవి ఉండదు."

"ఉండదు. అందుకే అలా పెట్టాం."

"పెద్ద టెస్టరు పోయినప్పుడు అది ఎక్కడుంది?"

కళ్లజోడు మళ్లీ కిందికి దిగింది. ఈలోగా ఇన్‌స్పెక్టరు అందుకున్నాడు. "బల్లలోనే ఉండి ఉంటుంది. లేకపోతే కరెంటు ఎలా వస్తుందండీ?"

డిటెక్టివ్ సంచీలోంచి ఒక కవరు తీసి బల్ల మీద బోర్లించింది. జేబురుమాలు, సగం వాడిన తలనొప్పి మాత్రల అట్ట, ఇత్తడి బిళ్ల కట్టిన తాళంచెవి.

"ఆసుపత్రిలో ఆయన ప్యాంటు జేబులోంచి తీసినవి. వాళ్లావిడకి అప్పజెప్పింది మీరే ఇన్‌స్పెక్టరుగారూ. సంతకం కూడా పెట్టించుకున్నారట, చాలా పద్ధతిగా."

తాళంచెవి బల్లలో పెట్టి తిప్పింది. ఎర్రదీపం వెలిగింది. స్విచ్చు మాత్రం వెయ్యలేదు. వెనక్కి తిప్పింది. ఆరిపోయింది.

"ఇంకొకటి ఉండే ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అయితే గొంతులో భోజనం చేసిన ధీమా తగ్గింది.

"లేదు సార్," అన్నాడు మేనేజరు. "రెండోది ఉంటే ఈ ఏర్పాటే దండగ."

"సరే! కరెంటు లేదు. ఒప్పుకున్నాను. మరి మనిషి దేనివల్ల పోయాడండీ, సిగ్గుతోనా? రెండు అరచేతులూ కాలిపోయి ఉన్నాయి. డాక్టరు రాసిచ్చాడు."

అది సరైన ప్రశ్నే. ఆ మాట పైకి అనాల్సిన అవసరం ఆమెకి కనబడలేదు. కంచె దగ్గరికి నడిచింది.

లోపల ఒక ఇనుప డబ్బా ఉంది. నడుమెత్తు ఉంటుంది. నెత్తిన రెండు పింగాణీ కొమ్ములు, ఒక్కో కొమ్ము చివర ఒక ఇత్తడి మర. ఆ మరని ఈ మరని కలుపుతూ రాగి తీగ, శ్రద్ధగా నాలుగు మెలికలు వేసి కట్టి ఉంది. ఆ రోజు పెద్ద టెస్టరు చేతులు పెట్టింది దాని మీదే. ఎవరూ కదపలేదు. కదపడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది, పోలీసులకి ఆసక్తి లేకపోయింది.

"ఇందులో ఏముంది?"

"అది చచ్చిన డబ్బా మేడమ్," అన్నాడు మేనేజరు త్వరత్వరగా. "ఆ రోజు పొద్దున్నే పరీక్ష అయిపోయింది. ఎర్త్ కర్ర తగిలించి చార్జి మొత్తం తీసేశారు. మీటరు సున్నా చూపించింది. దాని గురించి అడగడానికి ఏమీ లేదు."

"చచ్చినవాటి గురించి అడగడమే నా ఉద్యోగం. లోపల ఏముందో చెప్పండి."

"రెండు పలచటి అల్యూమినియం రేకులు. మధ్యలో నూనెలో నానేసిన కాగితం. చాపలా చుట్టి డబ్బాలో కుక్కుతాం. ఒక రేకు మీద ప్లస్సు చేరుతుంది, రెండోదాని మీద మైనస్సు. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కాగితం కరెంటుని పోనివ్వదు. కలవనివ్వదు."

"సంబంధం చెడగొట్టే పెద్దమనిషి."

"అంత తేలిగ్గా తీసెయ్యకండి మేడమ్, అసలు పని దానిదే." తన చదువు సంగతి రాగానే మేనేజరు కళ్లజోడు మరిచిపోయాడు. "రేకుల మధ్య ఉత్త గాలే ఉందనుకోండి. కాస్త చార్జి ఎక్కేసరికే ఓల్టేజీ పైకి పోతుంది. అదే కాగితం, నూనె పెడితే, వాటి అణువుల్లో ప్లస్సు కొస ఒకవైపుకి, మైనస్సు కొస ఇంకోవైపుకి ఒరుగుతాయి. రేకుల మధ్య లాగుడుకి ఎదురు నిలబడి దాని జోరు తగ్గిస్తాయి. జోరు తగ్గింది కాబట్టి అదే ఓల్టేజీకి ఇంకా బోలెడు చార్జి ఎక్కించొచ్చు. అంత శక్తీ ఆ డబ్బాలో నిలవుంటుంది."

"నిండిన బస్సులో కండక్టరు 'లోపలికి జరగండమ్మా' అని ఇంకో ఇరవైమందిని ఎక్కించినట్టు."

"అలాగే అనుకోండి."

"మరి బస్సు ఆగాక అందరూ ఒక్కసారే దిగుతారా?"

కళ్లజోడు కిందికి దిగింది. ఈసారి తుడవడం చాలాసేపు సాగింది.

"దిగరు," అన్నాడు చివరికి. "కొన్ని అణువులు బద్ధకం. ఒరగడానికీ ఆలస్యమే, వెనక్కి రావడానికీ ఆలస్యమే. కర్ర తగిలించినప్పుడు రేకుల మీదున్నది పోతుంది. మీటరు సున్నా అంటుంది. కర్ర తీసేశాక కాగితంలో ఒరిగి ఉన్నవి మెల్లగా సర్దుకుంటూ ఉంటే, రేకుల మీద మళ్లీ ఓల్టేజీ చేరుతుంది. మావాళ్లు దాన్ని ఊట అంటారు."

"బావి తోడేశాక నీళ్లూరినట్టు."

"పదివేల ఓల్టులు ఎక్కించిన డబ్బా అయితే, చంపి వదిలేసిన కాసేపటికి వెయ్యి దాకా ఊరొచ్చు. మామూలు వాటికి అది కారిపోవడానికి లోపలే ఒక దారి పెడతాం. ఈ రకానికి పెట్టం. చార్జి పట్టి ఉంచాలనే కొనేవాళ్లు అడుగుతారు."

"ఈ మాట పోలీసులకి చెప్పారా?"

"వాళ్లు అడగలేదు మేడమ్."

ఇన్‌స్పెక్టరు దగ్గాడు. "అడగడానికేముంది? ఊరినా ఏం కాదనేగా ఆ తీగ కట్టేది? పొద్దున నాతో అందరూ అదే చెప్పారు. దాన్నేదో అంటారు..."

"ముక్కుతాడు," అన్నాడు మేనేజరు.

"ఆ, ముక్కుతాడు! రెండు కొమ్ములకీ కలిపి రాగి తీగ కట్టేస్తే, ఊరింది ఊరినట్టే తీగలోంచి ఇటునుంచి అటు పోతుంది. ఎద్దు తల ఎత్తదు. పెద్ద టెస్టరు ముక్కుతాడు లేని డబ్బా దగ్గరికి చస్తే వెళ్లడట. ముందురోజు బావమరిదిని కొట్టింది కూడా అందుకేనట, ఒక డబ్బాకి కట్టకుండా వదిలేశాడని. మరి ఇదిగో, దీనికి కట్టే ఉంది! చూస్తున్నారుగా? ఇది చచ్చిన..."

అంటూ కంచె తలుపులోంచి లోపలికి వంగి, చూపుడువేలు తీగ వైపు చాచాడు.

"చెయ్యి తియ్యండి!"

పొయ్యి మీదికి పాకుతున్న పసివాణ్ణి చూసి అరిచినట్టు అరిచింది. ఇన్‌స్పెక్టరు పసివాడిలాగే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ తర్వాత గానీ ఆయనకి కోపం రాలేదు.

"ఏంటండీ ఇది? నేను..."

"మేనేజరుగారూ, ఆ కర్ర తగిలించండి."

గోడకి ఆనించిన పొడవాటి కర్ర. చివర రాగి కొక్కెం, కొక్కెం నుంచి నేలలోకి దిగిన లావుపాటి తీగ. మేనేజరు దాన్ని తీసుకున్నాడు. కొక్కేన్ని ఒక కొమ్ముకి ఆనించి రెండోదాని మీదికి వాల్చాడు.

చిటుక్కుమంది. చిన్న నీలి మెరుపు, కాలిన వాసన.

మెరుపు చిన్నదే. కానీ మొన్న ఒక మనిషిని తిన్న డబ్బా, రెండు రోజులుగా మెడలో తాడు వేసుకుని సాధువులా కూర్చున్న డబ్బా, మళ్లీ ఊరింది.

"ముక్కుతాడు ఉండగా ఊరకూడదు కదా?" అంది డిటెక్టివ్.

"కూడదు," అన్నాడు మేనేజరు.

"కర్ర అలాగే పట్టుకోండి. వదలకండి."

ఆమె లోపలికి వెళ్లి వంగి చూసింది. రాగి ఎలా ఉంటుందో ఆమెకి ఏ చదువూ నేర్పనక్కర్లేదు. రాగి చెంబు చింతపండుతో తోమితే పొద్దున నవ్వుతుంది, సాయంత్రానికి మొహం మాడ్చుకుంటుంది. గది మూల ఒక పాత డబ్బా పడుంది. దాని ముక్కుతాడు నల్లబడి, అక్కడక్కడా పచ్చ తేరి ఉంది. ఈ తీగ మాత్రం తేనె పూసినట్టు నిగనిగలాడుతోంది. వేలిముద్ర మరక కూడా లేదు.

జడలోంచి పిన్ను తీసి తీగని గీకింది. పొరలాంటిది లేచింది. దాని కింద అసలు రాగి, ఇంకా లేత రంగులో, కొత్తగా బయటపడింది.

"వార్నిష్," అంది. "మోటార్లకి చుట్టే తీగ. ఒంటినిండా పలచటి పొర, కంటికి కనిపించదు. చివర్లు గీకకుండా కడితే దీనికీ దారానికీ తేడా లేదు. ఆయన వచ్చాడు. ముక్కుతాడు ఉందా అని చూశాడు. ఉంది. మరలు బిగించడానికి రెండు చేతులూ రెండు కొమ్ముల మీదా పెట్టాడు."

ఇన్‌స్పెక్టరు మీటరు తెప్పించాడు. తీగకి ఈ కొసా ఆ కొసా పట్టి చూశాడు. సూది కదల్లేదు. పిన్నుతో గీకిన చోట పట్టి, ఇంకోచోట గీకి పట్టాడు. సూది గంతేసింది. ఆయన అలా మూడుసార్లు చేశాడు. చేతగానివాడు కాదు పాపం, తొందర మనిషి.

"ఉత్త తీగ బదులు ఈ తీగ ఎక్కణ్ణుంచి వచ్చింది?" డిటెక్టివ్ మేనేజర్ని అడిగింది.

"తెలీదు మేడమ్. స్టోర్సులో ఉత్త రాగి తీగే ఉంటుంది."

"ముక్కుతాడు ఎవరు కడతారు?"

"మామూలుగా..." అద్దాలు తుడిచాడు. "మామూలుగా లారీకెక్కేవాటికి కుర్రాళ్లు కడతారు. తను చెయ్యి పెట్టేదానికి టెస్టరే కట్టుకుంటాడు. ఆయన డబ్బాకి ఆయనే. ఇంకెవర్నీ నమ్మేవాడు కాదు."

అంటే తన తాడు తనే కట్టుకుని, తనే నమ్మి పోయాడన్నమాట. ఎవరి హత్యా కాదు. ఎవరి పగా కాదు. ఆమెకి ఊపిరి తీసుకోవడం తేలికైంది. ఆ తేలికలో, మేనేజరు మొహం ఎందుకు సున్నం కొట్టినట్టుందని అడగడం మరిచిపోయింది. దానికి ఆ తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకుంది.

* * *

స్టేషన్ వరండా బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. ఒళ్లో టిఫిన్ డబ్బా. మూత తీసినట్టు లేదు. డిటెక్టివ్ కంటే ముందు ఇన్‌స్పెక్టరు మొహం చూసింది. ఏడుపో, నవ్వో, ఏది రావాలో తెలియక నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"వాణ్ణి బయటికి తీసుకురండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు కానిస్టేబులుతో. "ఇక్కడే కూర్చోబెట్టండి. ఆవిడని కూడా రానివ్వండి."

తమ్ముడు వచ్చాడు. ఇరవై రెండేళ్ల మనిషి రెండు రోజుల్లో యాభయ్యేళ్లవాడిలా నడుస్తున్నాడు. అక్క వాడి చెయ్యి దొరకబుచ్చుకుంది.

"చూడు నాయనా," అంది డిటెక్టివ్. "ఆ సమయంలో తాళంచెవి మీ బావ జేబులో ఉంది. బల్లలో కరెంటు లేదు. నువ్వు కావాలనుకున్నా వెయ్యలేవు. స్విచ్చు వేసింది నువ్వు కాదు."

వాడు విన్నాడు. విన్నది లోపలికి దిగడానికి టైము పట్టింది. దిగాక, గోడ కూలినట్టు ఏడ్చాడు.

"నేనే వేశానేమో అనుకున్నా మేడమ్. రాత్రంతా అదే. వీళ్లు అడుగుతుంటే అడుగుతుంటే, నా చెయ్యి నాకు తెలీకుండా వేసిందేమో అనిపించింది. అక్కా, నేను కాదటే!"

"నువ్వు కాదని నాకు తెల్దూ? వెర్రి వెధవా," అంది అక్క. వాడి తల నిమురుతోంది. ఆ మనిషి రెండు రోజుల్లో మొదటిసారి మొగుడి కోసం ఏడవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఏడవొచ్చు. ఎవరికీ అన్యాయం చేసినట్టు కాదు.

"కాయితాలు నేను చూసుకుంటా," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఎటో చూస్తూ. "అయిదింటికి కోర్టుకి వెళ్లక్కర్లేదు. ఇంటికి పోవచ్చు."

డిటెక్టివ్ అక్కడితో లేచి వచ్చేసి ఉంటే బాగుండేది. గొడుగు కూడా చేతిలోనే ఉంది. కానీ చాదస్తం అన్న పేరు ఊరికే రాలేదు. ఇల్లంతా ఊడ్చి, చివర్లో మంచం కింద ఒక్కసారి చీపురు పెట్టకపోతే ఆమెకి నిద్రపట్టదు.

"ఒక్క మాట. ఆ డబ్బాకి ముక్కుతాడు మీ బావే కట్టుకున్నాడుగా?"

వాడు కళ్లు తుడుచుకుని తల అడ్డంగా ఊపాడు. ఆ ఏడుపు మొహంలోనే కొంచెం గర్వం కనబడింది.

"లేదు మేడమ్. నేనే కట్టాను. ముందురోజు కట్టలేదనేగా కొట్టాడు. తర్వాత నాకే సిగ్గేసింది. తప్పు నాదే కదా. అందుకని మర్నాడు పొద్దున పరీక్షలు కాగానే, బావ అడక్కముందే అన్నిటికీ కట్టేశా. రెండు మెలికలు చాలు, నేను నాలుగేసి వేశా. బావ వచ్చి చూశాడు. 'ఇవాళ బాగా కట్టావురా' అన్నాడు. అదే మేడమ్, నాతో ఆఖరిసారి మాట్లాడటం."

అక్క వాడి చెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు వైపు చూడలేదు. చూడకుండానే, ఆయనకి అర్థమైందని తెలిసింది. ఆయన రాస్తున్న కలం ఆగిపోయింది. 'తేల్చేశాం' అనే మాట ఆయన నోట్లోనే ఉండి ఉంటుంది. అనలేదు.

"తీగ ఎక్కడిది?" అని అడిగింది.

"స్టోర్సులో ఉత్త తీగ అయిపోయింది. మేనేజరుగారే వచ్చి కొత్త చుట్ట చేతికిచ్చారు. 'ఇదుంది, ఇది వాడు, రాగి ఎక్కడైనా రాగే' అన్నారు."

మేనేజరు. ఇందాక కర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. పిన్నుతో గీకితే పొర లేవడం చూశాడు. చూసి, 'తెలీదు మేడమ్' అన్నాడు.

ఇంకో ప్రశ్న ఉంది. అది అడగకపోతే ఈ కుర్రాడు ఇంటికి వెళ్తాడు. అక్క అన్నం పెడుతుంది. వీళ్లిద్దరికీ మిగిలింది ఒకరికొకరే. మేనేజరు చచ్చినా చెప్పడు. ఇన్‌స్పెక్టరు చెప్పాలనుకున్నా, ఆయన కళ్లలో ఈ క్షణాన అంత కాఠిన్యం కనబడలేదు. డిటెక్టివ్ జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్నని మింగేద్దామనుకుంది. నిజంగానే అనుకుంది.

"అన్నిటికీ అన్నావు," అంది. "అన్నీ అంటే?"

"ఆ రోజు లారీకి ఎక్కినవన్నీ మేడమ్. బావ దగ్గరున్నది ఒక్కటే ఆగిపోయింది. మిగతావి వెళ్లిపోయాయి."

ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టాడు.

అప్పుడు చెప్పక తప్పలేదు. మెత్తగా చెప్పడానికి మాటలు వెతికింది, దొరకలేదు. తీగ నిగనిగలాడటం, పిన్నుతో గీకడం, సూది కదలకపోవడం చెప్పింది. సగంలోనే వాడి మొహం రంగు మారింది. వాడు తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

"గీకలేదు," అన్నాడు. "ఉత్త తీగ అనుకున్నా. ఉత్త తీగని ఎవడు గీకుతాడు?"

"ఏంట్రా?" అక్క ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తోంది. "ఏమంటున్నారు? స్విచ్చు వీడు వెయ్యలేదన్నారుగా?"

"స్విచ్చు కాదక్కా. నేను కట్టిన తాడు. బావ అది చూసే చెయ్యి పెట్టాడు."

ఆమెకి అర్థం కావడం అందరూ చూశారు. అరవలేదు. కొట్టలేదు. వాడి చెయ్యి వదిలేసింది. అంతే. వేడి గిన్నె వదిలినట్టు కూడా కాదు, ఎవరి వస్తువో పొరపాటున పట్టుకున్నానని వదిలినట్టు. బెంచీ మీద జరిగి కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ వచ్చింది.

"వాడు కావాలని చేయలేదమ్మా," అంది డిటెక్టివ్.

"తెలుసు పిన్నిగారూ," అంది ఆమె గోడ వైపు చూస్తూ. "తెలిసి ఏం చెయ్యను?"

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఆ డబ్బాలు ఇవాళ దిగుతాయి. ముక్కుతాడు చూసి వాళ్లూ చేతులు పెడతారు. పెట్టెల మీద అడ్రసులు నేనే రాశా. మూడు చోట్లకి వెళ్లాయి. ఫోను చెయ్యండి."

"ఒరేయ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఫోనులో ఈ సంగతి చెబితే, తాడు నువ్వే కట్టావని నేను రాసుకోవాల్సి వస్తుంది. మేనేజరు ఆ చుట్ట ఇవ్వలేదని కోర్టులో ప్రమాణం చేస్తాడు. మాట అతనిదీ నీదీ. నీ తరఫున నిలబడటానికి నీ అక్క తప్ప ఎవరూ లేరు, ఆవిడ..." అని ఆ ఖాళీ వైపు చూసి ఆపేశాడు.

"రాసుకోండి సార్. ముందు ఫోను చెయ్యండి."

మేనేజరుకు ఫోను చేస్తే, వీళ్లు వెళ్లగానే ఆయన కారెక్కి వెళ్లిపోయారని గేటు దగ్గర మనిషి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఒక బూతు మాట అని, ఆడవాళ్లున్నారని గుర్తొచ్చి, అయినా ఇంకోసారి అన్నాడు.

మొదటి చోటు ఒక పరిశోధనశాల. పెట్టెలు ఇంకా విప్పలేదు. వీళ్లు విప్పవద్దన్నారు, వాళ్లు సరేనన్నారు. రెండోది వెల్డింగు కంపెనీ. లారీ ఇప్పుడే గేటు దాటి లోపలికి వచ్చిందట. డ్రైవర్ని ఆపి, పెట్టెలకి తాళం వేయించి, ఆ ఊరి స్టేషనుకి ఇన్‌స్పెక్టరే కబురు పెట్టాడు. ఆయన గొంతు వింటుంటే వేరే మనిషిలా ఉంది.

మూడోది ఊరవతల రేకులు వంచే కర్మాగారం. ఫోను చాలాసేపటికి ఎత్తారు. వెనకాల యంత్రాల మోత. డిటెక్టివ్ ఫోను తీసుకుంది.

"సరుకు వచ్చిందా? కెపాసిటర్లు?"

"వచ్చాయండీ, పొద్దున్నే!" ఎవరో గుమాస్తా, హుషారు గొంతు. "మా ఫోర్‌మన్ బిగిస్తున్నాడు. ఇవాళే మొదలెట్టాలని మా యజమాని ఒకటే తొందర."

"ఆపండి! ఎవరూ ముట్టుకోవద్దని చెప్పండి. అవి చావలేదు!"

"ఏవండీ? సరిగ్గా వినపడ్డంలేదు. చావడమేంటండీ?"

"డబ్బాలు! చేతులు పెట్టొద్దనండి! కర్ర లేకుండా దగ్గరికి పోవద్దనండి!"

"ఓ, అదా! భయం లేదండీ. మా ఫోర్‌మన్ చాలా జాగ్రత్త మనిషి. తీగలు కట్టి ఉన్నాయో లేదో చూసుకునే చెయ్యి వేస్తాడు. కట్టే ఉన్నాయి, నేనూ చూశా. ఎవరు కట్టారోగానీ బాగా కట్టారు."

"ఆ తీగలు దొంగవి! పరిగెత్తండి! ముందు వెళ్లి ఆయన్ని ఆపండి!"

ఈసారి ఆ గొంతులో హుషారు పోయింది. ఫోను బల్ల మీద పడేసిన చప్పుడు. చెప్పుల టకటకలు దూరమయ్యాయి. యంత్రాల మోత ఒక్కటే మిగిలింది. ఇన్‌స్పెక్టరు ముందుకు వంగాడు. తమ్ముడు రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడ్డాడు. బెంచీ చివర ఉన్న అక్క కూడా ఇటు తిరిగింది. అందరికీ వినబడేంత పెద్ద మోత.

మోత ఒక్కసారిగా ఆగిపోయింది.

"ఆపించాడు," అంది అక్క. లేచి వచ్చింది. "అతను వెళ్లి ఆపించాడు కదా పిన్నిగారూ?"

డిటెక్టివ్ ఫోనుని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. అవతల జనం పరిగెత్తుతున్నారు, చాలామంది. ఫోను వైపు కాదు.